కంపెనీ నిచ్చెన మీద క్లైవు

మన పాఠ్యపుస్తకాల్లో రాబర్టు క్లైవుకు రెండే ముఖాలు. వలస పాలకులు రాయించిన చరిత్రలో అతడు ఆర్కాటు వీరుడు, ప్లాసీ విజేత, సామ్రాజ్య సంస్థాపకుడు. జాతీయోద్యమ కాలంలో మనం రాసుకున్న చరిత్రలో అతడు కపటి, కుట్రదారుడు, దొంగ ఒప్పందాల మనిషి. ఈ రెండు చిత్రాలూ పైకి ఒకదానికొకటి బద్ధ విరోధుల్లా కనిపిస్తాయి గాని రెండింటికీ పునాది ఒక్కటే. రెండూ చరిత్రకు కారణాన్ని ఒక వ్యక్తి గుణగణాల్లో వెతుకుతాయి. ఒకరికి అతని ధైర్యం కారణం, మరొకరికి అతని దుర్మార్గం కారణం. అతడు ఒక పెద్ద వర్తక కంపెనీలో ఏడాదికింతని జీతం పుచ్చుకునే ఉద్యోగి అన్న సాదా విషయం మాత్రం రెండు చోట్లా అడుగున పడిపోయింది.

క్లైవును వీరుడిగానూ దుష్టుడిగానూ కాక, మేనేజరుగా చూస్తే ఏం కనిపిస్తుంది? ఈ వ్యాసం ఆ ప్రశ్నతో రాసింది. జీతగాడి అధికారం అతని సొంతం కాదు. అది పదవితో వచ్చిన అరువు సొమ్ము. యజమానుల నుంచి ఒక్క ఉత్తరం వస్తే పోతుంది. కాబట్టి అది చేతిలో ఉండగానే దాన్ని ఎవరూ తీసుకోలేని ఆస్తిగా మార్చుకోవాలని జీతగాడు ప్రతి మెట్టు మీదా లెక్కలు వేస్తాడు. కంపెనీ చిన్నదైతే ఆ లెక్క ఖరీదు కంపెనీ భరిస్తుంది. కంపెనీ దేశమంత పెద్దదైనప్పుడు, ఆ లెక్క ఎక్కడ జరిగిందో కూడా తెలియని జనం భరిస్తారు. పద్దెనిమిదో శతాబ్దపు బెంగాలులోనూ, మన కోస్తాలోనూ జరిగింది ఇదే.

1

1611లో ఇంగ్లీషు ఈస్టిండియా కంపెనీ మచిలీపట్నంలో వర్తక స్థావరం పెట్టింది. 1639లో మద్రాసు నేల సంపాదించుకుంది. ఈ స్థావరాల్లో పనిచేయడానికి వచ్చే వాళ్ళకు కంపెనీ ఒక నిచ్చెన తయారుచేసింది. అడుగుమెట్టు రైటరు. రైటరంటే రచయిత అని మన చదువరులు పొరబడకూడదు. లెక్కలు ఎక్కించి, ఉత్తరాలకు నకళ్ళు రాసే గుమస్తా. లండనులో ఒక డైరెక్టరు సిఫారసు సంపాదించి, కంపెనీకి పూచీ రాసిచ్చిన కుర్రవాడు ఈ ఉద్యోగంతో ఓడ ఎక్కుతాడు. అయిదేళ్ళు రాస్తే ఫ్యాక్టరు అవుతాడు. మరో మూడేళ్ళకు చిన్న వర్తకుడు, ఇంకో మూడేళ్ళకు పెద్ద వర్తకుడు. ఆ పైన కౌన్సిలు సభ్యత్వం, అన్నిటికంటె పైన గవర్నరు పీఠం.

పైకి పోవడానికి ప్రతిభ కంటె సీనియారిటీ ముఖ్యం. పైవాడు స్వదేశం పోతేనో, చచ్చిపోతేనో కిందివాడికి చోటు. మద్రాసు ఎండల్లో, బెంగాలు జ్వరాల్లో చావు తరచుగానే వచ్చేది కనుక ఒకరి సమాధి మరొకరికి ప్రమోషన్. కలిసి భోంచేసిన మనిషి పోతే దుఃఖపడుతూనే, జాబితాలో తన పేరు ఎక్కడికి జరిగిందో చూసుకోవలసిన స్థితి. నిచ్చెన మనుషుల మనసుల్ని ఎలా తయారుచేస్తుందో తెలుసుకోవడానికి ఇంతకంటె వేరే ఉదాహరణ అక్కరలేదు.

జీతాలు చూడండి. మద్రాసులో రైటరుకు ఏడాదికి 5 పౌన్లు. ఫ్యాక్టరుకు 15. పెద్ద వర్తకుడికి 40. తిండి, బస కంపెనీవే అయినా ఈ జీతం కోసం ప్రాణాలొడ్డి సముద్రాలు దాటే వెర్రివాడెవడూ లేడు. వాళ్ళు వచ్చింది సొంత వ్యాపారం కోసం. ఆసియా రేవుల మధ్య తమ సొంత లెక్కలో సరకు నడుపుకొనే హక్కును కంపెనీ పదిహేడో శతాబ్దం చివరి నాటికే ఉద్యోగులకు వదిలిపెట్టింది. చేతిలో చిల్లిగవ్వ లేని కుర్ర రైటరుకు పెట్టుబడి ఎక్కడిది? దుబాసీ అప్పిస్తాడు. దొర పేరు దుబాసీకి కావాలి, దుబాసీ డబ్బు దొరకు కావాలి. ఈ పొత్తులో మూడో మనిషి నేతగాడు. అతనికి అడ్వాన్సు ఇచ్చి, ధర కట్టి, గుడ్డ తీసుకునేది వీళ్ళే. కంపెనీ సరకూ సొంత సరకూ ఒకే మనిషి కొంటున్నప్పుడు మంచి గుడ్డ ఎటు పోతుందో, పనికిరాని గుడ్డ ఎవరి లెక్కలో పడుతుందో ఊహించడం కష్టం కాదు.

దీన్ని అవినీతి అని ఒక్క మాటలో తేల్చేస్తే అసలు విషయం తప్పిపోతుంది. తక్కువ జీతమిచ్చి పక్కదారి తెరిచి ఉంచడం కంపెనీకి చవక. జీతాల భారం తగ్గుతుంది, దూరదేశంలో చావడానికి సిద్ధపడే మనుషులు దొరుకుతారు. లాభం వస్తున్నంత కాలం యజమానులు చూడనట్టుంటారు. నచ్చనప్పుడు అదే తప్పు చూపించి పీకేస్తారు. ఎలిహు యేలు 1672లో మద్రాసుకు రైటరుగా వచ్చి 1687లో గవర్నరయ్యాడు. పదవిని సొంత వ్యాపారానికి వాడుకున్నాడన్న ఆరోపణలతో 1692లో పదవి పోయింది, సంపద మాత్రం పోలేదు. ఆ సంపదలో కొంత 1718లో అమెరికాలోని ఒక కాలేజీకి పంపితే, ఆ కాలేజీ అతని పేరే పెట్టుకుంది. థామస్ పిట్ది మరో దారి. కంపెనీ గుత్తాధిపత్యాన్ని ధిక్కరించి దొంగ వర్తకం చేసిన మనిషినే కంపెనీ 1698లో మద్రాసు గవర్నరును చేసింది. అతడు 1702లో దాదాపు 20 వేల పౌన్లకు కొన్న గోలకొండ వజ్రాన్ని 1717లో ఫ్రాన్సు రాజప్రతినిధికి 1,35,000 పౌన్లకు అమ్మాడు. ఆ లాభం అతని వంశానికి పార్లమెంటులో పునాది అయింది. కృష్ణ ఒడ్డున గనుల్లో రాళ్ళు కడిగిన కూలీల పేర్లు మాత్రం ఏ పుస్తకంలోనూ లేవు.

పదవి పోవచ్చు, ఆస్తి నిలుస్తుంది. మద్రాసుకు వచ్చిన ప్రతి కొత్త రైటరూ కంపెనీ నిబంధనల కంటె ముందుగా నేర్చుకున్న పాఠం ఇదే.

2

1744లో ఈ నిచ్చెన అడుగున నిలబడినవాడు క్లైవు. అప్పులున్న చిన్న భూస్వామి కొడుకు. పద్దెనిమిదేళ్ళవాడు. జీతం 5 పౌన్లు. క్రమంగా ఎక్కితే పెద్ద వర్తకుడు కావడానికి పదకొండేళ్ళు పడుతుంది. 1746లో ఫ్రెంచివారు మద్రాసు పట్టుకోవడంతో అతడు కడలూరు దగ్గరి సెయింట్ డేవిడ్ కోటకు పారిపోయాడు. అక్కడే అతనికి ఇంకో నిచ్చెన కనబడింది. ఫ్రెంచి, ఇంగ్లీషు కంపెనీల పోటీ యుద్ధంగా మారుతున్నది. లెక్కల పుస్తకం కంటె కత్తి తొందరగా పైకి లేపుతుంది. 1747లో సైన్యంలో ఎన్‌సైన్ పదవి తీసుకున్నాడు.

వీరగాథలు ఇక్కడి నుంచి ఆర్కాటు ముట్టడికి గంతు వేస్తాయి. మధ్యలో ఒక ఉద్యోగం ఉంది. యుద్ధం ఆగగానే క్లైవు మళ్ళీ పౌరశాఖకు వచ్చి, సేనలకు ఆహార సామగ్రి సమకూర్చే అధికారి అయ్యాడు. ఎంత కొంటే అంత కమీషను. 1751లో ఆర్కాటు అతనికి కీర్తి తెచ్చింది, బియ్యం మాంసాల లెక్కలు డబ్బు తెచ్చాయి. 1753లో ఇంగ్లండు తిరిగి వెళ్ళేటప్పుడు అతని దగ్గర దాదాపు 40 వేల పౌన్లున్నాయి. పార్లమెంటు స్థానం కోసం ఆ డబ్బులో చాలా భాగం ఖర్చుపెట్టాడు. స్థానం దక్కినట్టే దక్కి 1755లో చెయ్యి జారింది. అదే సంవత్సరం మళ్ళీ ఓడ ఎక్కాడు. ఈసారి సెయింట్ డేవిడ్ కోట గవర్నరుగా, రాజుగారి సైన్యంలో లెఫ్టినెంట్ కర్నల్ హోదాతో. కంపెనీ పదవి ఒకటి, కంపెనీకి బయట హోదా ఒకటి. ఒకటి ఊడినా రెండోది నిలుస్తుంది.

1757 జూన్ 23న ప్లాసీ. యుద్ధం చిన్నది, బేరం పెద్దది. కొత్త నవాబు మీర్ జాఫర్ నుంచి క్లైవు పుచ్చుకున్న కానుక 2,34,000 పౌన్లు. ఐతే ఈ నగదు కంటె 1759లో వచ్చిన జాగీరు మన విషయానికి ముఖ్యం. కలకత్తాకు దక్షిణాన ఉన్న ఇరవైనాలుగు పరగణాల మీద కంపెనీ నవాబుకు ఏటా కిస్తు కట్టాలి. ఆ కిస్తునే నవాబు క్లైవుకు జాగీరుగా రాసిచ్చాడు. ఏడాదికి దాదాపు 27 వేల పౌన్లు. ఇక కంపెనీ ప్రతి ఏటా తన ఉద్యోగికి తానే శిస్తు చెల్లించాలి. నౌకరు భూస్వామి అయ్యాడు, యజమాని కౌలుదారు అయ్యాడు. అరువు అధికారాన్ని ఆస్తిగా మార్చుకోవడంలో ఇంతకంటె చిత్రమైన మలుపు కంపెనీ చరిత్రలో దొరకదు.

3

క్లైవు కలకత్తా నుంచి ఈ లెక్కలు వేస్తున్న రోజుల్లోనే మన తీరంలో మరో ఉద్యోగి కథ నడిచింది. 1758లో విజయనగరం పూసపాటి ఆనంద గజపతిరాజు ఫ్రెంచివారి మీద తిరగబడి ఇంగ్లీషువారి సాయం కోరాడు. మద్రాసు వెనకాడింది. కలకత్తాలో క్లైవు ఒప్పుకొని కర్నల్ ఫోర్డును సేనతో పంపాడు. డిసెంబరులో చందుర్తి యుద్ధంలో ఫ్రెంచివారు ఓడారు. 1759 ఏప్రిల్‌లో ఫోర్డు బందరు కోటను రాత్రిపూట దాడిచేసి పట్టుకున్నాడు. కోటలో ఉన్న ఫ్రెంచి సేన అతని సేనకంటె పెద్దది. ఉత్తర సర్కారుల భవిష్యత్తును మార్చిన దాడి అది.

దానికి దక్కిన ప్రతిఫలం? క్లైవు ఇచ్చిన ఉద్యోగాన్ని లండను డైరెక్టర్లు ఖాయం చేయలేదు. రాజు సైన్యంలో స్థిరమైన చోటు వదులుకొని, క్లైవు మాట మీద కంపెనీలోకి వచ్చిన మనిషి రెంటికీ చెడినవాడయ్యాడు. పది సంవత్సరాల తర్వాత 1769లో బెంగాలు వ్యవహారాలు చక్కదిద్దడానికి పంపిన ముగ్గురు పర్యవేక్షకుల్లో ఒకడుగా మళ్ళీ బయలుదేరాడు. వాళ్ళెక్కిన అరోరా ఓడ గుడ్‌హోప్ అగ్రం దాటాక సముద్రంలో జాడ లేకుండా పోయింది.

ఫోర్డుకూ క్లైవుకూ తేడా ధైర్యంలో లేదు. క్లైవు ఎక్కిన ప్రతి మెట్టు దగ్గరా కంపెనీకి బయట ఒక ఆధారం సంపాదించుకున్నాడు: రాజు హోదా, నవాబు జాగీరు, లండనులో స్నేహితులు. ఫోర్డు తన పైఅధికారిని నమ్ముకున్నాడు. పెద్ద సంస్థల్లో పైవాడి దయ మీద ఎక్కిన మనిషి గతి ఎలా ఉంటుందో బందరు కోట గోడలు చెబుతాయి.

4

1760లో క్లైవు స్వదేశం చేరాడు. అక్కడ అసలు యజమానులు ఎవరు? కంపెనీ ఆఫీసు లెడన్‌హాల్ వీధిలో. ఏటా ఏప్రిల్‌లో వాటాదారులు 24 మంది డైరెక్టర్లను ఎన్నుకుంటారు. 500 పౌన్ల వాటా ఉన్నవాడికి ఒక ఓటు. పదివేల పౌన్ల వాటా ఉన్నా ఒకటే ఓటు. చూడటానికి ఇది సమానత్వంలా ఉంటుంది. దీనిలోని కిటుకును ఆ కాలపు చతురులు వెంటనే పట్టేశారు. పెద్ద వాటాను 500 పౌన్ల ముక్కలు చేసి, ఎన్నిక ముందు నమ్మకస్తుల పేర్ల మీద రాసి, ఎన్నిక కాగానే వెనక్కి తీసుకుంటే ఎన్ని ముక్కలో అన్ని ఓట్లు.

డైరెక్టర్లలో పెద్ద తలకాయ లారెన్స్ సలివాన్. అతడూ ఒకప్పుడు బొంబాయిలో కంపెనీ ఉద్యోగే. 1755లో డైరెక్టరై, 1758లో ఛైర్మన్ అయ్యాడు. మొదట అతడూ క్లైవూ ఒకరికొకరు కావలసినవాళ్ళే. అయితే 1759 చివర్లో క్లైవూ అతని కౌన్సిలూ కలకత్తా నుంచి డైరెక్టర్లకు ఎదురుతిరుగుతూ ఒక ఉత్తరం రాశారు. క్లైవు అప్పటికి ఓడ ఎక్కాడు. సంతకం చేసి అక్కడే ఉండిపోయిన సభ్యుల్ని డైరెక్టర్లు ఉద్యోగాల నుంచి తీసేశారు. క్లైవు మాత్రం లండనులో కొన్నాళ్ళు నోరు మెదపలేదు. జాగీరు ఇచ్చేదీ ఆపేదీ డైరెక్టర్లే కదా.

1763లో ఆ మౌనం తెగింది. క్లైవు దాదాపు లక్ష పౌన్లు పెట్టి కంపెనీ వాటాలు కొని, ముక్కలు చేసి ఓట్లు తయారుచేయించాడు. సలివాన్ వెనక మంత్రివర్గం నిలిచింది. వాళ్ళూ అదే పని చేశారు. సలివాన్ గెలిచాడు. గెలిచిన కొద్ది రోజుల్లోనే జాగీరు చెల్లింపు ఆపమని ఉత్తర్వు పోయింది. బెంగాలు రైతు పండించిన పంటలో నుంచి వచ్చిన డబ్బు లండనులో ఓటయింది. ఆ ఓటు ఓడిపోతే ఆగినది మళ్ళీ బెంగాలు రైతు శిస్తే. ఈ రెండు చివరల మధ్య రైతు ఎక్కడా లేడు.

1764 మొదట్లో వార్త వచ్చింది. ఉద్యోగులు సుంకాలు ఎగవేసి సాగించిన సొంత వ్యాపారం మీద తగవు పెరిగి, నవాబు మీర్ ఖాసిం తిరగబడ్డాడు. పాట్నాలో ఇంగ్లీషువారి హత్యలు జరిగాయి. వాటాల ధర ఊగింది. భయపడ్డ వాటాదారులు క్లైవును మళ్ళీ వెళ్ళమని బతిమాలారు. అతని జవాబు ఏ కాలపు మేనేజరైనా గుర్తుపట్టేదే. సలివాన్ ఛైర్మన్‌గా ఉన్నంత కాలం వెళ్ళనన్నాడు. ఏప్రిల్ ఎన్నికలో రెండు పక్షాలకూ సమానంగా డైరెక్టర్లు వచ్చారు, సలివాన్ పీఠం పోయింది. జాగీరు పదేళ్ళకు ఖాయమయింది. అప్పుడు ఓడ ఎక్కాడు. అవసరం యజమానిది అయిన ఒక్క క్షణాన జీతగాడు అడిగినంత అడుగుతాడు. ఆ క్షణం దాటితే అడగలేడని అతనికి తెలుసు.

5

1765 ఏప్రిల్‌లో ఓడ మద్రాసు చేరింది. బక్సరు యుద్ధంలో నవాబులూ మొగలు పాదుషా కూడా ఓడారన్న కబురు అక్కడ అందింది. ఇక బెంగాలు మొత్తం కంపెనీ చేతిలోకి వస్తుందని క్లైవుకు అర్థమయింది. డైరెక్టర్లకు రాజకీయ పరిస్థితి వివరిస్తూ ఉత్తరం రాశాడు. లండనులో తన సొంత వ్యవహారాలు చూసే మిత్రుడికి మరో ఉత్తరం రాశాడు. తన సొమ్ము ఎక్కడున్నా, తన పేర ఎంత అప్పు పుట్టినా, అంతా కంపెనీ వాటాల్లో పెట్టమన్నది దాని సారాంశం. ఒక రాజ్యం చేతులు మారబోతున్నదని ముందుగా తెలిసిన మనిషి చేసిన మొదటి పని వాటాలు కొనమనడం.

1765 ఆగస్టు 12న పాదుషా షా ఆలం బెంగాలు, బీహారు, ఒరిస్సాల దివానీ కంపెనీకి రాసిచ్చాడు. అదే రోజు మన ఉత్తర సర్కారులకూ ఫర్మానా రాసిచ్చాడు. మరుసటి సంవత్సరం నవంబరు 12న నిజాముతో ఒడంబడిక అయింది. శ్రీకాకుళం నుంచి కృష్ణ దాకా లక్షల తెలుగు రైతులు ఏ యుద్ధంలో ఎవరు గెలిచారో తెలియకుండానే ఒక కంపెనీ లెక్కల పుస్తకంలోకి ఎక్కారు.

కలకత్తాలో క్లైవు సంస్కర్త వేషం కట్టాడు. ఉద్యోగులు కానుకలు పుచ్చుకోరాదని పత్రాల మీద సంతకాలు చేయించాడు. పై మెట్టు నుంచి చూస్తే కిందివాళ్ళ సంపాదన దోపిడీలాగే కనిపిస్తుంది. అదే సమయంలో ఉప్పు, పోక, పొగాకుల మీద గుత్తాధిపత్యం చేసే ఒక సంఘం పెట్టి పెద్ద ఉద్యోగులకు హోదానుబట్టి వాటాలు పంచాడు. గవర్నరుకు అయిదు వాటాలు. బీదవాడు గంజిలో వేసుకునే ఉప్పుతో ప్రమోషన్ల జాబితా నింపిన ఏర్పాటు అది. 1766లో సైనికాధికారుల భత్యం తగ్గిస్తే వాళ్ళు మూకుమ్మడి రాజీనామాలకు సిద్ధమయ్యారు. క్లైవు మద్రాసు నుంచి అధికారుల్ని రప్పించి ఆ తిరుగుబాటు అణిచాడు. పై మెట్టువాడి హక్కులు ఒప్పందాలు, కింది మెట్టువాడి హక్కులు క్రమశిక్షణారాహిత్యం. ఈ న్యాయం నేటికీ మారలేదు.

దివానీ వార్త లండను చేరగానే వాటాల ధర పెరిగింది. డివిడెండు 6 శాతం నుంచి 10కి, ఆ పైన 12.5కి పోయింది. 1767 నుంచి బ్రిటిషు ప్రభుత్వం తన వంతుగా ఏటా 4 లక్షల పౌన్లు అడిగింది. ఇంతమందికి పంచడానికి బెంగాలులో శిస్తు తగ్గకూడదు. 1769లో వానలు లేవు. ఆ ఏడే హైదరాలీ మద్రాసు ముంగిట నిలిచాడన్న వార్తకు లండనులో వాటాల ధర కూలింది. అప్పుచేసి వాటాలు ముక్కలు చేసి మళ్ళీ డైరెక్టరైన సలివాన్ ఆ దెబ్బకు ఆర్థికంగా చితికిపోయాడు. ఒక్కో చోట ఒక్కో రకం నష్టం. లండనులో దాన్ని దివాలా అన్నారు. బెంగాలులో అది 1770 కరువు. జనంలో మూడో వంతు పోయారని ఆ నాటి అంచనా, దాదాపు కోటిమంది. 1772లో గవర్నరుగా వచ్చిన వారెన్ హేస్టింగ్సు డైరెక్టర్లకు రాసిన ఉత్తరంలో, ఇంతమంది చచ్చినా 1771లో వసూలైన శిస్తు 1768 నాటి దానిని మించిందని తెలియజేశాడు. శిస్తు గట్టిగా వసూలు చేయడం వల్లనే అది సాధ్యమైందనీ దాచలేదు. మూడో వంతు మనుషులు లేని దేశంలో మొత్తం తగ్గకుండా చూడడం ఆ యంత్రంలో సమర్థత అనిపించుకుంది.

అంత దోచినా కంపెనీ 1772లో అప్పుకోసం ప్రభుత్వం ముందు చెయ్యి చాచింది. 1773లో పార్లమెంటు 14 లక్షల పౌన్లు అప్పిచ్చి రెగ్యులేటింగ్ చట్టం చేసింది. ఓటు హక్కుకు కనీస వాటాను 1000 పౌన్లకు పెంచి, ఏడాది పాటు చేతిలో ఉండాలన్నారు. కంపెనీ రోగానికి కనిపెట్టిన వైద్యం చిన్న వాటాదారుల్ని బయటికి నెట్టడం. క్లైవు మీద విచారణ జరిగింది. 2,34,000 పౌన్లు తీసుకున్నాడని కామన్స్ సభ తేల్చింది. దేశానికి గొప్ప సేవ చేశాడనీ తీర్మానించింది. డబ్బు అతని దగ్గరే మిగిలింది. 1774 నవంబరులో అతడు చనిపోయాడు. ఆత్మహత్యేనని ఎక్కువమంది నమ్మకం. వయస్సు 49.

6

ఈ కథను కొందరు తెలివైనవాళ్ళు ఆనాడే అర్థం చేసుకున్నారు. ఆడం స్మిత్ 1776లో ప్రచురించిన గ్రంథంలో, పరుల సొమ్ము నడిపేవాళ్ళు తమ సొమ్ములా కాపాడరని వాటాల కంపెనీల గురించి చెప్పాడు. మన భాషలో అత్తసొమ్ము అల్లుడు దానం. కంపెనీ ఉద్యోగుల్ని వ్యక్తులుగా కాక వాళ్ళు నిలబడ్డ స్థానాన్నే తప్పుపడుతున్నానని కూడా అన్నాడు. అక్కడిదాకా అతడు సరిగానే చూశాడు. ఆగిపోయింది ఎక్కడంటే, మేనేజరు నిర్లక్ష్యం వాటాదారుకు చేసే నష్టం దగ్గర. మార్క్స్ 1853లో న్యూయార్కు పత్రికకు రాసిన వ్యాసాల్లో కంపెనీ చరిత్రను ఇంగ్లండు వర్గాల చరిత్రలో భాగంగా పెట్టాడు. 1894లో ఎంగెల్సు ప్రచురించిన పెట్టుబడి మూడో సంపుటంలో, వాటాల కంపెనీలో పెట్టుబడి ఒకరిది, నిర్వహణ ఒకరిది అయ్యే స్థితిని విశ్లేషించాడు. నిర్వహణ యాజమాన్యం నుంచి విడిపోతుంది. కాని దోపిడీ నుంచి విడిపోదు.

1941లో జేమ్స్ బర్నహామ్ అనే అమెరికన్ ఒక పుస్తకం రాసి, ఇక పెట్టుబడిదారుల యుగం పోయి మేనేజర్ల యుగం వస్తుందన్నాడు. రెండు వందల ఏళ్ళ కిందటి క్లైవు జీవితమే దానికి జవాబు. యజమానులతో అంత గట్టిగా పోరాడిన మేనేజరు చివరికి చేసిందేమిటి? వాటాలు కొన్నాడు, ష్రాప్‌షైరులో ఎస్టేట్లు కొన్నాడు, పార్లమెంటు స్థానాలు సమకూర్చుకున్నాడు. మేనేజరు యజమాని మీద తిరగబడేది యజమాని కావడానికే. ఆ తిరుగుబాటులో కిందివాడికి చోటు లేదు.

ఇలా అంటే సామ్రాజ్యాన్ని ఒక ఉద్యోగి ప్రమోషన్ల కథగా కుదిస్తున్నారా అని ఎవరైనా అడగవచ్చు. లేదు. ఫ్రెంచి పోటీ, మొగలు రాజ్యం విచ్ఛిత్తి, జగత్‌సేఠుల వంటి వడ్డీ వ్యాపారుల స్వార్థం, ఇంగ్లండులో పెరుగుతున్న వర్తక పెట్టుబడి లేకుండా క్లైవు లేడు. అతడు కాకపోతే ఇంకొకడు. కాని ఆ శక్తులన్నీ ఏ మనిషి చేతి మీదుగా పనిచేశాయో, ఆ చెయ్యి ఏ జీతపు పట్టీలో ఉందో చూడకపోతే మన విశ్లేషణలో నిర్మాణం మిగులుతుంది, మనిషి మాయమవుతాడు. సాహిత్యకారుడు ఆ తప్పు చేయకూడదు.

క్లైవు కాలంలో ఇంగ్లీషు సాహిత్యం ఏం చేసింది? 1772లో శామ్యూల్ ఫుట్ ‘నాబాబ్’ అన్న ప్రహసనం ఆడించాడు. ఇండియా నుంచి డబ్బుతో వచ్చిన మొరటువాడిని చూసి ప్రేక్షకులు నవ్వారు. వాళ్ళ కోపం దోపిడీ మీద కాదు, దోచుకొచ్చినవాడు పాత ప్రభువుల పక్కన కూర్చున్నందుకు. 1840లో మెకాలే క్లైవు మీద వ్యాసం రాసి తప్పులు ఒప్పుకుంటూనే మహాపురుషుణ్ణి చేశాడు. వెక్కిరింపూ పూజా రెండూ ఒకే గుమ్మం దగ్గర ఆగిపోయాయి. నిచ్చెన ఎవరి భుజాల మీద ఆని ఉందో ఎవరూ కిందికి చూడలేదు.

మన దేశంలో కిందికి చూసిన కళాఖండం ఒకటి చెప్పుకోవాలంటే, శంకర్ బెంగాలీ నవల ఆధారంగా సత్యజిత్ రాయ్ 1971లో తీసిన ‘సీమాబద్ధ’. కలకత్తాలో ఫ్యాన్ల కంపెనీ సేల్సు మేనేజరు డైరెక్టరు పదవి కోసం చూస్తుంటాడు. ఎగుమతి చేయవలసిన ఫ్యాన్లలో లోపం బయటపడుతుంది. గడువు తప్పితే కంపెనీకి నష్టం, అతని భవిష్యత్తుకు దెబ్బ. ఫ్యాక్టరీలో కావాలని అలజడి పుట్టిస్తారు. ఒక కాపలావాడు గాయపడతాడు. పదవి వస్తుంది. అతడు దుర్మార్గుడు కాడు, చదువుకున్నవాడు, మర్యాదస్తుడు. చివర్లో లిఫ్టు పనిచేయక తన ఫ్లాటుకు మెట్లెక్కుతుంటే మనకు ఆయాసం వస్తుంది. ఆ కాపలావాడి రక్తానికీ ఆ పదవికీ సంబంధం చూపడమే ఆ చిత్రం గొప్పతనం.

మన సాహిత్యంలో రైతు ఉన్నాడు, కూలీ ఉన్నాడు, నిరుద్యోగి ఉన్నాడు, గుమస్తా ఉన్నాడు. మేనేజరు వస్తే ప్రతినాయకుడిగా వచ్చి నాలుగు మాటలు కసిరి వెళ్ళిపోతాడు. ఈ నాడు హైదరాబాదులోనూ, అమెరికాలోనూ వేలాది తెలుగు యువకులు పెద్ద కంపెనీల నిచ్చెనల మీద ఉన్నారు. ఏ ప్రాజెక్టుకు మారాలి, ఏ పైఅధికారి పక్షాన నిలవాలి, ఎవర్ని తీసేయాలన్న జాబితాలో ఎవరి పేరు రాయాలి అని రాత్రుళ్ళు లెక్కలు వేస్తున్నారు. ఆ జాబితా రాసే చెయ్యే రేపు మరో జాబితాలో పేరు. వాళ్ళు మన పిల్లలు, తమ్ముళ్ళు, మన పాఠకులు. వాళ్ళను క్లైవులని తిట్టడం సులభం, విజేతలని సన్మానాలు చేయడం ఇంకా సులభం.

రచయిత చేయవలసింది వేరు. ప్రతి మెట్టు దగ్గరా ఆగి మూడు ప్రశ్నలు అడగాలి. ఈ అధికారం ఎవరు అరువిచ్చారు? దీన్ని అతడు దేనికింద మార్చుకుంటున్నాడు? ఆ మార్పిడి ఖరీదు ఎవరు చెల్లిస్తున్నారు? లెడన్‌హాల్ వీధిలో ఓట్లు లెక్కపెట్టిన నాడు ఈ మూడో ప్రశ్న ఎవరూ అడగలేదు. ఆ ప్రశ్నకు జవాబు బెంగాలు ఊళ్ళలో కోటి శవాలుగా వచ్చింది.